కౌమారంలో ఆహారం: పిల్లలకు తెలిసినదీ, వాళ్ళు తినేదీ



ముప్పై ఏళ్ళు హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. నాలుగేళ్ళ నుంచి ప్రతి ఆదివారం మన బాలికల హాస్టల్‌కు వెళ్ళి, ఎనిమిదో తరగతి మొదలు ఇంటర్ దాకా చదివే అరవై మంది పిల్లలకు సైన్సు చెబుతున్నాను. సావనీర్‌కు ఒక వ్యాసం ఇమ్మని కార్యదర్శిగారు అడిగితే చదువుల గురించే రాద్దామని కూర్చున్నాను. కానీ ఈ ఏడాది పిల్లల పుస్తకాల కన్నా వాళ్ళ పళ్ళేలే నా మనసులో ఎక్కువగా తిరిగాయి. ఆ పళ్ళేల్లోకి వచ్చేది మీ డబ్బే కాబట్టి మీతోనే ఈ సంగతి మాట్లాడటం న్యాయం అనిపించింది.

జులైలో తొమ్మిదో తరగతి పిల్లలకు పోషణ పాఠం చెప్పాను. "మంచి ఆహారం అంటే ఏమిటమ్మా?" అని అడగ్గానే చేతులన్నీ లేచాయి. ఆకుకూరలు, పండ్లు, పాలు, గుడ్లు, పప్పులు. నూనె సరుకులు తక్కువ తినాలి. కూల్‌డ్రింకులు తాగకూడదు. "పిజ్జా, బర్గర్ తింటే లావైపోతారు టీచర్" అంది ఒక పిల్ల. ఆమె పిజ్జా ఎప్పుడైనా తిన్నదో లేదో నాకు అనుమానమే! పరీక్ష పెడితే అందరికీ పదికి పది వేయాలి.

తర్వాత తలా ఒక చీటీ ఇచ్చి, పేరు రాయకుండా, నిన్న నిద్ర లేచినప్పటి నుంచి పడుకునే దాకా ఏమేం తిన్నారో రాయమన్నాను. ఆ చీటీలు ఇంటికి తెచ్చుకుని రాత్రి చదివాను. పొద్దున టీ, రెండు రస్కులు. కొందరికి అదీ లేదు, "ఆకలి లేదు", "లేటయింది" అని ఉంది. మధ్యాహ్నం అన్నం, పప్పుచారు, ఒక గరిటె కూర. బడి నుంచి వస్తూ చిప్స్ ప్యాకెట్. రాత్రి మళ్ళీ అన్నం, పప్పుచారు, పచ్చడి. ఒక చీటీలో మాత్రం అన్నిటి కిందా "ఆదివారం బిర్యానీ వచ్చింది" అని రాసి పక్కన నవ్వుతున్న ముఖం గీసి ఉంది. పండు అన్న మాట అన్ని చీటీల్లోనూ కలిపి ఒక్కసారి కనిపించింది. అది కూడా జామకాయ, హాస్టల్ గోడ మీదుగా పక్కింటి చెట్టు నుంచి కోసుకున్నది.

అంటే పిల్లలకు పాఠం రాక కాదు. ఇన్నాళ్ళూ మనం "అవగాహన కల్పించాలి, అవగాహన కల్పించాలి" అంటూ బ్యానర్లు కట్టాం, కరపత్రాలు పంచాం. ఆ పని నేనూ చాలా చేశాను. కానీ పదమూడేళ్ళ పిల్ల ఏం తింటుందో ఆమె జ్ఞానం నిర్ణయించదు. ఇంట్లోనో హాస్టల్‌లోనో పెద్దవాళ్ళు ఏం వండి పెట్టారు, జేబులో ఎంత ఉంది, బడి గేటు దగ్గర ఏం దొరుకుతుంది, పక్కనున్న పిల్ల ఏం తింటోంది, ఇవే నిర్ణయిస్తాయి. వీటిలో మొదటిది పూర్తిగా మన చేతిలో ఉన్నది.

ఈ వయసు ఎందుకు ముఖ్యం

పుట్టిన మొదటి రెండేళ్ళ తర్వాత మనిషి అంత వేగంగా ఎదిగేది మళ్ళీ కౌమారంలోనే. ఆడపిల్లల్లో పది, పదకొండేళ్ళకు, మగపిల్లల్లో ఒకటి రెండేళ్ళు ఆలస్యంగా ఆ ఎదుగుదల ఊపందుకుంటుంది. పెద్దయ్యాక ఉండే బరువులో దాదాపు సగం ఈ కొన్నేళ్ళలోనే వస్తుంది. అప్పుడు వచ్చే బరువు ఎముకగా, కండగా మారుతుందా, కొవ్వుగా పేరుకుంటుందా అన్నది తిండి మీద, ఆట మీద ఆధారపడుతుంది. భారత వైద్య పరిశోధన మండలి 2020లో ఇచ్చిన లెక్కల ప్రకారం 13–15 ఏళ్ళ ఆడపిల్లకు రోజుకు సుమారు 2,400 కిలోకేలరీల శక్తి, 43 గ్రాముల మాంసకృత్తులు, 30 మిల్లీగ్రాముల ఇనుము కావాలి. ఇనుము విషయంలో అదే వయసు మగపిల్లవాడికి 22 మిల్లీగ్రాములు చాలు. మన ఇళ్ళలో కలేజీ ముక్క ముందు ఎవరి పళ్ళెంలో పడుతుందో మీకు తెలుసు. లెక్క ప్రకారం అది ఆడపిల్ల పళ్ళెంలో పడాలి.

బియ్యంలో ఇనుము బహు తక్కువ. వంద గ్రాముల బియ్యంలో ఒక మిల్లీగ్రాము కూడా ఉండదు. ఎంత అన్నం తిన్నా 30 మిల్లీగ్రాములు రావు.

ఒకే గదిలో రెండు లోట్లు

2016 నుంచి 2018 దాకా దేశమంతటా జరిగిన సమగ్ర జాతీయ పోషణ సర్వే కౌమార వయసు పిల్లలను ప్రత్యేకంగా పరీక్షించింది. 10–19 ఏళ్ళ వాళ్ళలో 24 శాతం మంది వయసుకు తగ్గ బరువు లేక బక్కగా ఉన్నారు. 5 శాతం మంది అధిక బరువుతో ఉన్నారు. ఆడపిల్లల్లో 40 శాతం మందికి, మగపిల్లల్లో 18 శాతం మందికి రక్తహీనత ఉంది. ఈ అంకెల కన్నా నన్ను ఆపింది ఇంకొకటి: పదిమందిలో ఒకరికి రక్తంలో చక్కెర మధుమేహానికి ముందు మెట్టు మీద ఉంది. అధిక బరువు ఉన్నవాళ్ళు 5 శాతమే అయినప్పుడు చక్కెర పెరిగినవాళ్ళు 10 శాతం ఎలా అయ్యారు? లావు లేని పిల్లల్లోనూ ఆ తేడా ఉందన్నమాట.

దీనికి ఒక జవాబు పుణె నుంచి వచ్చింది. అక్కడి మధుమేహ వైద్యుడు డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, బ్రిటన్ శాస్త్రవేత్త జాన్ యుడ్కిన్ ఇద్దరూ కలిసి తమ ఫొటోలతో 2004లో లాన్సెట్ పత్రికలో ఒక పేజీ ప్రచురించారు. ఎత్తు, బరువు కలిపి చూసే బీఎంఐ ఇద్దరికీ ఒకటే, 22.3. కానీ యుడ్కిన్ శరీరంలో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ శరీరంలో 21.2 శాతం! చూడటానికి సన్నగా ఉన్నా మన శరీరాల్లో కండ తక్కువ, లోపల కొవ్వు ఎక్కువ అన్నది దాని సారాంశం. అందుకే మా క్లాసులో పిల్లలు "నేను సన్నగానే ఉన్నాను కదా టీచర్, నాకేం?" అంటే నేను ఒప్పుకోను.

పెద్దవాళ్ళ సంగతి చూస్తే ఈ దారి ఎక్కడికి పోతుందో అర్థమవుతుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–49 ఏళ్ళ స్త్రీలలో అధిక బరువు, ఊబకాయం ఉన్నవాళ్ళు 24 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం, తెలంగాణలో 30 శాతం. అదే సర్వేలో దేశవ్యాప్తంగా 15–19 ఏళ్ళ ఆడపిల్లల్లో రక్తహీనత 59 శాతం. రక్తం లేని పిల్లలే పదేళ్ళు గడిచేసరికి లావైన తల్లులు అవుతున్నారు. ఇంకో పొరపాటు కూడా చాలామంది చేస్తారు. పిల్ల బొద్దుగా ఉంటే రక్తం బాగా ఉందనుకుంటారు. పిండి పదార్థం ఎక్కువై, ఇనుము తక్కువైన పిల్ల లావుగానూ ఉంటుంది, రక్తహీనతతోనూ ఉంటుంది. మన హాస్టల్‌లో ఆగస్టులో పరీక్షలు చేయించినప్పుడు అందరికన్నా తక్కువ హిమోగ్లోబిన్ వచ్చిన ముగ్గురిలో ఒకమ్మాయి అందరికన్నా బొద్దుగా ఉన్న పిల్ల.

మెడ మీది నలుపు

ఒక పిల్ల గురించి చెప్పాలి. పేరు వద్దు. పదో తరగతి, చురుకైనది, లెక్కల్లో ముందుండేది. గత చలికాలం నుంచి ఎండలోనూ దుపట్టా మెడకు బిగించి కట్టుకునేది. ఒక ఆదివారం బోరింగు దగ్గర తల వంచి మెడ వెనక రాయితో రుద్దుకుంటుంటే చూశాను. ఎర్రగా పుండు పడింది. "మురికి టీచర్, పోవట్లేదు" అంది. గదిలో పిల్లలు ఆమె దిండు పక్కన పడుకోమన్నారట. నిమ్మచెక్క, శనగపిండి, తెల్లబడే క్రీములు, చివరికి గిన్నెలు తోమే పీచు కూడా ప్రయత్నించింది.

అది మురికి కాదు. మెడ వెనక, చంకల్లో చర్మం నల్లగా, కాస్త మందంగా, ముట్టుకుంటే మఖమల్ లాగా మారితే, శరీరం ఇన్సులిన్ మాట వినడం లేదనడానికి అది ఒక గుర్తు కావచ్చు. క్లోమం ఎక్కువ ఇన్సులిన్ ఊరించి ఎలాగో చక్కెరను అదుపులో పెడుతూ ఉంటుంది. ఆ ఎక్కువ ఇన్సులిన్ ప్రభావమే చర్మం మీద అలా కనిపిస్తుంది. ఎంత రుద్దినా పోదు. అలాంటి నలుపు ఉన్న ప్రతి పిల్లకూ షుగర్ ఉందని కాదు, పరీక్ష చేయించాలని మాత్రం చెబుతుంది.

ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్ళాం. మూడు నెలల సగటు చూపే పరీక్షలో 6 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా మధుమేహానికి ముందు దశ అంటారు. వాళ్ళ అమ్మకు షుగర్ ఉందని అప్పుడే తెలిసింది. డాక్టరమ్మ మందు రాయలేదు. తిండి మార్చమంది, రోజూ ఒళ్ళు అలిసేలా ఆడమంది, మూడు నెలలకొకసారి రమ్మంది. తిరిగి వస్తూ ఆటోలో ఆ పిల్ల అడిగిన మాట నాకు ఇప్పటికీ గుర్తు: "తిండి మార్చమన్నారు కదా టీచర్, మరి హాస్టల్‌లో వండేదే కదా నేను తినాలి?"

దానికి నా దగ్గర జవాబు లేకపోయింది. ఆ సాయంత్రమే వంటగదికి వెళ్ళాను.

స్టోర్ రూమ్ తలుపు తీస్తే

మన వంటమనిషిని పిల్లలందరూ ఖాలా అంటారు. నేనూ అలాగే పిలుస్తాను. ఖాలా స్టోర్ రూమ్ తలుపు తీసింది. గోడకు ఆనించి పద్నాలుగు బియ్యం బస్తాలు. ఒక అట్టపెట్టె నిండా వెర్మిసెల్లి, పంచదార. ఎవరో కూల్‌డ్రింకుల కేసు ఒకటి పంపారు. కందిపప్పు డబ్బా మూత తీస్తే అడుగున ఉంది. 

"బియ్యం అందరూ ఇస్తారు టీచరమ్మా, పప్పు ఎవరూ ఇవ్వరు" అంది ఖాలా. "బస్తా అయితే లారీలోంచి దించుతుంటే ఫొటో బాగా వస్తుంది. కరివేపాకు కట్టకు ఫొటో ఎవరు తీస్తారు?"

ఆమె నవ్వుతూనే అన్నది. ఎవరినీ తప్పుపట్టి కాదు. నేను మాత్రం కాగితం, పెన్ను తీసి లెక్క వేశాను. అరవై మందికి రోజుకు 27 కిలోల బియ్యం, అంటే పిల్లకు 450 గ్రాములు. కందిపప్పు కిలోన్నర, అంటే పిల్లకు 25 గ్రాములు. 

హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పేరు మీరు వినే ఉంటారు. 1918లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా మొదలై 1958లో హైదరాబాద్‌కు వచ్చిన సంస్థ. వాళ్ళు 2024లో భారతీయుల కోసం కొత్త ఆహార మార్గదర్శకాలు విడుదల చేశారు. రోజుకు 2,000 కిలోకేలరీలు కావలసిన మనిషికి అందులో చెప్పినది సుమారు ఇలా ఉంటుంది: బియ్యం, గోధుమ, చిరుధాన్యాలు అన్నీ కలిపి 250 గ్రాములు, పప్పులు, లేదా వాటికి బదులు గుడ్డు, మాంసం, చేప 85 గ్రాములు, కూరగాయలు, ఆకుకూరలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలు 300 మిల్లీలీటర్లు, వేరుశనగ, నువ్వుల వంటి గింజలు కొద్దిగా. మొత్తం శక్తిలో ధాన్యాల వాటా 45 శాతం దాటకూడదంటారు. మన పిల్లలకు అది డెబ్బై శాతం దరిదాపుల్లో ఉంది. ఇది మన హాస్టల్ ఒక్కదాని జబ్బు కాదు. ఈ దేశంలో చాలా ఇళ్ళ పళ్ళెం ఇలాగే ఉందని ఆ సంస్థే రాసింది.

ఇప్పుడు దాతలు గమనించవలసిన లెక్క ఒకటి ఉంది. పప్పును పిల్లకు 25 నుంచి 60 గ్రాములకు పెంచితే రోజుకు ఇంకా 2.1 కిలోలు కావాలి. కిలో 150 రూపాయలు అనుకుంటే 315 రూపాయలు. పప్పు చిక్కబడి, కూర పెరిగితే అన్నం దానంతట అదే తగ్గుతుంది. ఎవరికీ కొలిచి పెట్టనక్కర్లేదు, పెట్టకూడదు కూడా. మా దగ్గర రెండు నెలల్లో బియ్యం రోజుకు 27 కిలోల నుంచి 21కి దిగింది. కిలో 50 చొప్పున ఆరు కిలోలకు 300 రూపాయలు మిగిలాయి. అంటే ఈ మార్పుకు అయిన అసలు ఖర్చు రోజుకు పదిహేను రూపాయలు! బియ్యానికి ఇచ్చే డబ్బులో కొంత పప్పుకు మళ్ళితే చాలు.

గుడ్డు ఖర్చు మాత్రం కొత్తగా పెట్టవలసిందే. గుడ్డు ఏడు రూపాయలు అనుకుని, అరవై మందికి వారానికి నాలుగు చొప్పున లెక్కేస్తే వారానికి 1,680 రూపాయలు. హాస్టల్ తెరిచి ఉండే నలభై వారాలకు 67,200. ఒక మోస్తరు వలీమాలో స్వీట్ల పద్దు దీనికన్నా ఎక్కువే అవుతుందని ఈ మధ్యే కూతురి పెళ్ళి చేసిన మా తమ్ముడు అన్నాడు.

దావత్ గురించి ఒక మాట. పిల్లల పుట్టినరోజుకో, పెద్దల పేరు మీదో హాస్టల్‌కు బిర్యానీ పంపే ఆచారం మంచిదే. ఆ రోజు పిల్లల ముఖాలు చూడాలి! మా ఇంట్లోనూ బిర్యానీకి పేరుంది, దాని మీద నేను యుద్ధం ప్రకటించబోవడం లేదు. కానీ రంజాన్ నెలలో ఒకే సాయంత్రం ముగ్గురు దాతల నుంచి హలీం, సమోసాలు, షర్బత్ వస్తాయి. మిగిలింది పారబోయలేక పిల్లల చేత తినిపిస్తారు. షవ్వాల్ పదో తేదీకి మళ్ళీ పప్పుచారు. ఏడాదికి మూడు వారాలు పండగ, మిగతా నలభై తొమ్మిది వారాలు లోటు అయితే ఎదిగే ఒంటికి అది సాయం కాదు. బిర్యానీ పంపేవాళ్ళు దానితో పాటు ఒక గంప దోసకాయలు, పెరుగు పచ్చడి, తలా ఒక అరటిపండు పంపండి. కూల్‌డ్రింకుల కేసు దయచేసి వద్దు. ఆ సీసా మీద చిన్న అక్షరాల్లో రాసి ఉంటుంది, వంద మిల్లీలీటర్లకు సుమారు పది గ్రాముల చక్కెర. రోజు మొత్తానికి పైనుంచి కలిపే చక్కెర 25 గ్రాములు దాటకూడదని తార్నాక వాళ్ళ మాట. పావు లీటరు సీసాతోనే అది అయిపోయింది.

జకాత్, సదఖా ఏ పద్దు కింద దేనికి వాడవచ్చన్నది ఉలమాలు చెప్పవలసిన విషయం, నాది కాదు. నేను చెప్పేది వంటింటి లెక్క ఒక్కటే. ఖుర్బానీ రోజుల్లో మాత్రం ఒక కోరిక ఉంది. హాస్టల్‌కు పంపే వాటాలో కలేజీ కూడా కొంత కలపండి. మాంసంలో, ముఖ్యంగా కలేజీలో ఉండే ఇనుము ఆకుకూరల్లోని ఇనుము కన్నా బాగా ఒంటికి పడుతుంది. ఆకుకూర పప్పు చేసిన రోజు నిమ్మకాయ పిండితే దానిలోని ఇనుము కూడా ఎక్కువగా పడుతుంది. అన్నం తిన్న వెంటనే టీ తాగితే దానికి వ్యతిరేకం. మన పిల్లలకు భోజనం కాగానే టీ ఇచ్చే అలవాటును ఖాలా ఈ మధ్యే గంటన్నర వెనక్కి జరిపింది. బడిలో వారానికి ఒకసారి ఇచ్చే ఇనుము, ఫోలిక్ ఆమ్లం మాత్రను, అదే నీలం మాత్రను, పిల్లలు "వికారం వస్తుంది" అని కిటికీలోంచి పారేస్తారు. ఖాళీ కడుపున కాకుండా తిన్నాక వేసుకుంటే చాలామందికి ఆ బాధ ఉండదు.

పది రూపాయలతో ఏం వస్తుంది

బడి గేటు దగ్గర పది రూపాయలకు ఏమేం వస్తాయో ఒకరోజు నిలబడి చూశాను. రెండు చిప్స్ ప్యాకెట్లు, లేదా చిన్న కూల్‌డ్రింకు సీసా, లేదా క్రీము బిస్కట్లు. కంపెనీలు ఐదు రూపాయల ప్యాకెట్టు ఎవరి జేబు చూసి చేశాయో వేరే చెప్పనక్కర్లేదు. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న సరుకులు బడి ఆవరణలోనూ, గేటు నుంచి 50 మీటర్ల లోపూ అమ్మరాదని దేశ ఆహార భద్రత సంస్థ 2020లో నిబంధన తెచ్చింది. ఆ 50 మీటర్లలో నేను లెక్కపెట్టినవి నాలుగు దుకాణాలు.

దుకాణాలతో పోట్లాడటం మన వల్ల అయ్యే పని కాదు. అందుకని సాయంత్రం నాలుగున్నరకు హాస్టల్ వరండాలో ఒక గంపలో గుగ్గిళ్ళు పెట్టడం మొదలుపెట్టాం. ఒకరోజు శనగలు, ఒకరోజు అలసందలు, ఒకరోజు ఉడకబెట్టిన వేరుశనగ, పైన ఉల్లిపాయ, నిమ్మరసం. శుక్రవారం జామకాయో అరటిపండో. మొదటి వారం సగం మిగిలాయి. ఖాలా కొంచెం కారం, చాట్ మసాలా తగిలించాక గంప అడుగు కనిపిస్తోంది. చిప్స్ మానేశారా అంటే, లేదు. కానీ కడుపు నిండిన పిల్ల రోజూ కొనదు, వారానికి రెండుసార్లు కొంటుంది. ఈ మాత్రం చాలు.

పేర్లు పెట్టకండి

హాస్టల్‌కు వచ్చే పెద్దలు ప్రేమగానే అంటారు, "ఏమ్మా మోటీ, అందరి అన్నం నువ్వే తింటున్నావా?" అని. ఇంకొకరు బక్కపిల్లను చూసి "ఏమిటీ పుల్ల, వీళ్ళు నీకు తిండి పెట్టడం లేదా?" అంటారు. ఒకప్పుడు లావుగా ఉంటే తిండికి లోటు లేని ఇంటి పిల్ల అని మెచ్చుకునేవారు. ఇప్పుడు సంబంధాలు చూసే వయసు దగ్గరపడగానే అదే పిల్లను సన్నబడమంటారు. రెండు మాటలూ ఒకే ఇంట్లో, ఒకే అమ్మాయి వింటుంది.

ఇంటర్ చదివే ఒకమ్మాయి ఈద్‌కు ఇంటికి వెళ్ళి వచ్చాక పొద్దున నాష్తా మానేసింది. ఎవరో బంధువు ఏదో అన్నారట. నెలన్నర తర్వాత ప్రార్థన సమావేశంలో నిలబడి ఉండగానే కళ్ళు తిరిగి పడిపోయింది. రక్తం 8.4 ఉంది, ఆ వయసు ఆడపిల్లకు 12 ఉండాలి. ఆశ్చర్యం ఏమిటంటే నాష్తా మానేసినా బరువు అంతగా తగ్గలేదు. పొద్దున మానేసిన పిల్ల సాయంత్రానికి ఆకలికి తట్టుకోలేక ప్యాకెట్ల మీద పడుతుంది. బరువు గురించి ఎగతాళి చేస్తే పిల్లలు సన్నబడరు, దాచుకుని తింటారు.

అందుకే ఎత్తు, బరువు చూసేది ఏడాదికి రెండుసార్లు, ఒక్కొక్కరినే లోపలికి పిలిచి. అంకె గట్టిగా చదవం. పిల్లల బీఎంఐని పెద్దల అంకెలతో పోల్చకూడదు, వయసునూ ఆడ మగ తేడానూ బట్టి వేరే పట్టికలు ఉంటాయి. భారత శిశువైద్యుల సంఘం 2015లో ఇచ్చిన పట్టికలు వాడుతున్నాం. ఇంట్లో చూసుకోవాలంటే ఒక దారం చాలు. పిల్ల ఎత్తుకు సరిపడా దారం తీసుకుని సగానికి మడవాలి. ఆ సగం దారం నడుము చుట్టూ అందాలి. అందకపోతే డాక్టరుకు చూపించడం మంచిది. ఈ పని నలుగురిలో చేయకండి.

ఆడుకునే చోటు

5 నుంచి 17 ఏళ్ళ పిల్లలు రోజుకు సగటున కనీసం గంటసేపు ఒళ్ళు కదిలేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. 11–17 ఏళ్ళ వాళ్ళలో ప్రపంచమంతటా ఐదుగురిలో నలుగురు అంత ఆడటం లేదు. ఆడపిల్లలు మరీ తక్కువ. మన హాస్టల్‌లో కారణం వెతకడానికి దూరం పోనక్కర్లేదు. వెనక ఖాళీ స్థలం ఉంది. దానికి రోడ్డు వైపు గోడ నడుము ఎత్తే ఉంది. పెద్దపిల్లలు ఆ వైపు వెళ్ళరు, వార్డెనమ్మ వెళ్ళనివ్వదు. ఆమెను తప్పుపట్టలేం. ఆ గోడ ఇంకో మూడు అడుగులు లేపి, ఒక రింగ్ టెన్నిస్ వల, ఆరు తాళ్ళు ఇస్తే అరవై మంది పిల్లలు సాయంత్రం అక్కడ ఉంటారు. ఈ పని ఇంకా ఎవరూ చేయలేదు. ప్రస్తుతం వరండాలో తాడాట, అదీ వంతులవారీగా.

మెడ రుద్దుకున్న పిల్ల సంగతి అడుగుతారని తెలుసు. రెండుసార్లు మళ్ళీ పరీక్ష అయింది. 6 నుంచి 5.8కి, తర్వాత 5.7కి దిగింది. నలుపు పూర్తిగా పోలేదు, కాస్త లేత పడింది. దుపట్టా మాత్రం ఇప్పుడు మామూలుగా వేసుకుంటోంది. ఆమె పక్కన పడుకోమన్న పిల్లల్లో ఇద్దరికి కూడా మెడ మీద అదే నలుపు మొదలైందని ఆమే గుర్తుపట్టి నాకు చెప్పింది. వాళ్ళ పరీక్షలు వచ్చే నెలలో ఉన్నాయి.

ఇకముందు హాస్టల్‌కు ఏదైనా ఇవ్వాలనుకుంటే ముందుగా ఫోన్ చేసి ఖాలాను అడగండి. ఆ వారం ఏం తక్కువగా ఉందో ఆమె చెబుతుంది. పోయిన ఆదివారం నేను అడిగితే నువ్వులు, నిమ్మకాయలు, ఐదు కిలోల అలసందలు అంది. బియ్యం మాత్రం డిసెంబరు దాకా ఉన్నాయట.